జాగా లేని ఇల్లు

మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ సొంత ఇల్లు లేదు. బెంగళూరు చిక్కపేట వెనక సందులో ఒక వఠారం, అందులో మాకు రెండు గదులు. మా తాత అక్కడే పోయాడు, మా నాన్న అక్కడే పోయాడు. గోడకి మేకు కొట్టాలన్నా యజమాని ముఖం చూడాలి. "సచ్చేలోపల సొంతింట్లో ఒక పూట పొయ్యి ముట్టిచ్చల్ల" అని మా అమ్మ రోజూ ఎవరో ఒకరితో అనేది. నా పెళ్ళయింది కూడా బాడుగ ఇంట్లో ఉండే ఆయనతోనే. కాబట్టి ఇల్లు అనే మాట వింటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత నేను చేసింది మీకు పిచ్చితనంలా కనిపిస్తుంది.

తొంభైల మధ్యలో మా ఆయనకి ఇండోనేషియాలో, జావా దీవిలో ఉద్యోగం వచ్చింది. ఆయన పట్టుగూళ్ళ నుంచి దారం తీయించే పనిలో మాస్టరు. ఎవరో కంపెనీవాళ్ళు అక్కడి కొండల్లో మల్బరీ తోటలు వేసి, పురుగులు పెంచి, దారం తీయించడం తెలిసినవాళ్ళ కోసం బెంగళూరు వైపు చూశారట. అప్పటికి నాకు జావ అంటే రాగి జావ తప్ప ఇంకేమీ తెలియదు. "పట్నమేనా?" అని అడిగితే, "కొంచెం ఎత్తులో ఉండాదంట" అన్నాడు మా ఆయన, నిమ్మకు నీరెత్తినట్టు.

కొంచెం ఎత్తు. ఒక చిన్న వ్యానులో మనుషుల్నీ క్యాబేజీ బుట్టల్నీ మేకల్నీ కలిపి కుక్కి కొండ ఎక్కించారు. చెవులు దిబ్బడ పడ్డాయి. కిటికీలోంచి చూస్తే నిలువు గోడ లాంటి వాలు మీద ఆలుగడ్డ మళ్ళు, వాటిలో నిలబడి పని చేస్తున్న మనుషులు. కాలు జారితే పక్క ఊళ్ళో తేలతారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. దిగాక బాత్రూము ఎక్కడని అడిగితే చేపల గుంట మీద కట్టిన తడిక గూడు చూపించారు. నేను వెళ్ళగానే కింద చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పోగయ్యాయి. ఆ మధ్యాహ్నం అన్నంలోకి చేప పెట్టారు. నాకు ఆకలి లేదని చెప్పాను.

కంపెనీ వాళ్ళు మాకు బాడుగకి తీసిచ్చిన ఇల్లు ఊరి నడుమ ఉండేది. చెక్క ఇల్లు. నల్లబడిన లావాటి స్తంభాలు, పలకల గోడలు, పైన మట్టి పెంకులు, లోపల గట్టిగా మెత్తిన మట్టి నేల. ఇంటావిడ పక్కనే వంటపాకలో కూతురితో ఉండేది. భర్త లేడు. పెద్ద ఆడవాళ్ళని అక్కడ ఇబు అని పిలుస్తారు, అమ్మా అన్నట్టు. నేను ఆవిడని ఇబు అన్నాను, ఆవిడ నన్నూ ఇబు అంది. నవ్వితే కళ్ళు కనపడేవి కావు. పొద్దున లేచేసరికి నా పొయ్యి దగ్గర కూర్చుని చలి కాచుకుంటూ ఉండేది. తలుపు కొట్టే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. మొదటి వారం నేను ఒంటికాలి మీద లేచాను. తర్వాత ఆవిడ రాకపోతే ఏమైందోనని వెళ్ళి చూసొచ్చేదాన్ని.

ఆ ఊళ్ళో నా మతి పోగొట్టింది ఇంకొకటుంది. ఎక్కడా కాంపౌండు గోడ లేదు. ఒకరి మడి ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఎర్రాకుల మొక్క ఒకటి, అంతే. రాత్రికి రాత్రి ఆ మొక్కని పీకి అటు నాటితే ఏం చేస్తారని అడిగాను. ఇబు "ఎందుకు పీకుతారు?" అంది. మా వఠారం యజమాని, పక్కింటాయన ఒక కాలవ వెడల్పు నేల కోసం నా చిన్నతనమంతా కోర్టుకి తిరిగారు. నేను అలాంటి చోట పుట్టినదాన్ని.

మరుసటి ఏడు ఇబు కూతురికి పెళ్ళి కుదిరింది. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని, "ఈ ఇల్లు అమ్మేస్తున్నాను, మీకు కావాలా?" అంది. ధర చెప్పింది. బెంగళూరులో ఆ డబ్బుకి తలుపులు కూడా రావు.

మా ఆయన నసిగాడు. "బయటి దేశమోళ్ళు ఈడ నేల కొనకూడదంటనే. ఆఫీసులో చెప్పినారు."

అదే ఇబుకి చెప్పాము. ఆవిడ చెయ్యి ఊపేసింది. "ఇంటికి ఆ కాగితాలూ రూళ్ళూ అక్కర్లేదు. డబ్బిస్తారు, నలుగురూ కలిసి అన్నం తింటాం, అయిపోయింది."

ఎంత మంచి దేశం అనుకున్నాను. రిజిస్ట్రారు లేడు, స్టాంపు లేదు, బ్రోకరు లేడు. మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. "నీ జన్మలో ఒక్కసారైనా ధైర్యం చేయప్పా" అన్నాను. డబ్బు ఇచ్చాము. ఆదివారం కొండ దిగి ఫోను చేశాను. వఠారం కింద కొట్లో ఫోను తీసి అమ్మని పిలిచారు. "అమ్మా, ఇల్లు కొన్నాం" అన్నాను. అవతల ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. ఆ సాయంత్రం సందంతా మైసూర్‌పాకు పంచిందట.

మంచిరోజు ఇబూనే పెట్టించింది. వాళ్ళకి మన వారాలతో పాటు ఐదు రోజుల సంత వారం ఒకటుంది. రెండూ కలిపి ఊరి పెద్దాయన వేళ్ళ మీద లెక్క వేసి రోజు చెప్పాడు. "ఈ రోజు సరేనా?" అని ఇబు అడిగితే సరేనన్నాము. గృహప్రవేశం మనకే కాదు, లోకమంతా ఉందన్నమాట అని మురిసిపోయాను.

ఆ రోజు తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళంతా బియ్యం, కొబ్బరికాయలు, ఆకుకూరలు పట్టుకుని వచ్చారు. పెరట్లో పెద్ద పొయ్యిలు పెట్టారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇంత ప్రేమ సొంత అక్కచెల్లెళ్ళు కూడా చూపించరు. మగవాళ్ళు తాళ్ళు, పొడుగాటి వెదురు బొంగులు మోసుకొచ్చారు. చప్పరం వేస్తారు కాబోలనుకున్నాను.

నేను తలస్నానం చేసి, ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని, లోపలి పొయ్యికి పసుపు రాసి పాలు పెట్టాను. అక్కడ పాలు దొరకవు. డబ్బా పొడి కలిపిన పాలు. పొంగుతాయో లేదోనని గిన్నె వైపే చూస్తున్నాను. ఉన్నట్టుండి పాల మీద ఎండ పడింది.

తల ఎత్తితే ఆకాశం. కప్పు మీద కూర్చున్న ఒక కుర్రాడు నన్ను చూసి మర్యాదగా తల వంచి, ఇంకో పెంకు తీశాడు. దుమ్మంతా పాలలో పడింది.

నేను బయటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. పెంకులు చేతుల మీదుగా వరసగా కిందికి దిగుతున్నాయి. పక్క గోడ అప్పటికే పలకలు పలకలుగా నేల మీద ఉంది. నా ఇల్లు, నేను కొన్న ఇల్లు, వఠారంలో పుట్టినదాని ఇల్లు. తెలుగులో, కన్నడంలో, నాకొచ్చిన నాలుగు జావా మాటల్లో నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పని చేసేవాళ్ళంతా చేతులు ఆపి నా వైపు చూశారు.

ఇబు పరిగెత్తుకొచ్చింది. ఏమైంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగింది.

"నా ఇల్లు ఎందుకు పీకుతున్నారు?"

"తీసుకుపోవద్దూ?" అంది ఇబు. "ఇల్లు మీది. కింద నేల నా కూతురిది. దానిమీద వాళ్ళు ఇటుకల ఇల్లు కట్టుకుంటారు. ఈ రోజుకి మీరే కదా సరేనన్నారు? ఎక్కడికి మొయ్యాలో చెప్పండి, అందరూ పని మానుకుని వచ్చారు."

అప్పుడు చూశాను స్తంభాల కిందికి. ఒక్కటీ భూమిలో పాతి లేదు. అన్నీ చదును రాళ్ళ మీద ఊరికే నిలబడి ఉన్నాయి. రోజూ ఊడ్చేదాన్నే నేను, ఆ రాళ్ళ చుట్టూ చీపురు తిప్పి మరీ ఊడ్చేదాన్ని. వాళ్ళకి ఇల్లంటే మంచం, బీరువా లాంటి సామాను. ఒకరి దగ్గర కొని ఇంకో చోట పెట్టుకునేది. మనకి ఇల్లంటే ముందు సైటు. అంత తక్కువ ధర ఎందుకో అప్పుడు తలకెక్కింది.

"మోసం" అన్నాను. మా ఆయన ఆ మాటని వాళ్ళ భాషలోకి తిప్పలేదు. అయినా ఇబుకి నా ముఖం చూస్తే అర్థమైంది. ఆవిడ ముఖంలోనూ రక్తం లేదు. "నేల కూడా మీకిస్తే నా బిడ్డ ఎక్కడుంటుంది?" అంది మెల్లగా. ఊరి మగవాళ్ళంతా తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఇల్లు సగం ఊడి ఉంది. ఈ భూమ్మీద దాన్ని దించుకోవడానికి చాప వేసుకునేంత చోటు మాకు లేదు. నేను అక్కడే రాశిగా పోసిన పెంకుల పక్కన కూలబడ్డాను.

వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఒక మూల బీడీ లాంటిది చుట్టుకుంటున్న ముసలాయన లేచాడు. నాలుగు మళ్ళు కింద ఆలుగడ్డ పండించే ఆయన. అంతకు ముందు నాతో ఒక్క మాట మాట్లాడినవాడు కాదు. "నా మడి కొసన పెట్టుకోండి" అన్నాడు. అంతే, మళ్ళీ చుట్టుకోవడంలో పడ్డాడు.

నాకు నమ్మకం కలగలేదు. "బాడుగ ఎంతో అడుగు. కాగితం రాయమను" అన్నాను మా ఆయనతో. ఆయన సిగ్గుపడుతూనే అడిగాడు. ముసలాయన నన్ను జాలిగా చూశాడు. "ఇల్లు మీది, నేల నాది. ఇందులో రాయడానికేముంది? మీరు వెళ్ళేటప్పుడు మీ ఇల్లు మీరు తీసుకెళ్ళండి."

ఆ తర్వాత జరిగింది చెప్తే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. స్తంభాలకి అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. ఊళ్ళో నడుము వంగే ప్రతి మగవాడూ భుజం పెట్టాడు. ఒక కేక, దానికి జవాబుగా ఇంకో కేక, ఇల్లు నేల మీద నుంచి లేచింది. మా నట్టింట్లో వాళ్ళ కాళ్ళు నడుస్తున్నాయి. గట్టు దిగి, కాలవ దాటి, క్యాబేజీల పక్కగా నా ఇల్లు వెళ్ళిపోతుంటే, నేను పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దుమ్ము పడిన పాలగిన్నెతో దాని వెనక పరిగెత్తాను. మధ్యాహ్నానికి గోడలు నిలబడ్డాయి, పెంకులు ఎక్కాయి. అందరం కింద కూర్చుని అన్నం తిన్నాము. ఇబు నా విస్తట్లో తనే వడ్డించింది. నేను తల ఎత్తకుండా తిని లేచాను. మర్నాడు పొద్దున లేచేసరికి మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, గుమ్మం ఎటుందో వెతుక్కోవాల్సి వచ్చిందని నవ్వుతూ.

కిటికీ అదే, బయట కొండ మారింది. నెల రోజుల దాకా నిద్ర లేచి కిటికీ తీస్తే ఉలిక్కిపడేదాన్ని. అమ్మకి ఇదేమీ చెప్పలేదు. ఎలా చెప్పాలి? "ఇల్లు ఎట్ల ఉండాది?" అని ఫోనులో అడిగేది. బాగుందనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు. ముసలాయన మడి కొసన మేము ఏళ్ళ తరబడి ఉన్నాము. ఆయన ఒక్కరోజు కూడా నేల తనదని గుర్తు చేయలేదు.

తర్వాత దారం ధర పడిపోయి కంపెనీ మూతపడింది. మేము బయలుదేరాలి. ఇల్లు మీరే ఉంచుకోండని ముసలాయనకి చెప్పాను. "నాకు ఇల్లుంది కదా" అన్నాడు. "మీరు తీసేస్తే ఆలుగడ్డ నాటుకుంటాను." ఇబూనే ఒక దారి చెప్పింది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి అత్తగారి వంటపాకలో సర్దుకుంటోంది, వాళ్ళని ఉండనివ్వండి, మీరు మళ్ళీ వచ్చినప్పుడు తీసుకోవచ్చు అని. ఇచ్చేశాననే చెప్పాను. "ఇచ్చేయడమేమిటి, ఇల్లు మీది" అన్నారు అందరూ. మళ్ళీ బొంగులు, మళ్ళీ కేకలు. ఇల్లు వాగు దాటి అవతలి వాలుకి వెళ్ళింది. మేము వ్యాను ఎక్కే వేళకి నా పడకగది ఉన్న చోట ముసలాయన గుద్దలితో సాళ్ళు తీస్తున్నాడు.

బెంగళూరు వచ్చి మళ్ళీ బాడుగ ఇంట్లోనే దిగాము. కొన్నేళ్ళకి ఆ కొండ మీదికి కూడా సెల్‌ఫోన్లు వచ్చాయి. ఒకరోజు ఇబు కూతురు ఫోను చేసింది. ఆ జంట బతుకుతెరువు కోసం కొండ అవతలికి వెళ్ళిపోయారట, ఇల్లు కూడా తీసుకెళ్ళారట. ఊరి పేరు తనకీ సరిగ్గా తెలియదు. "మీ ఇల్లు క్షేమంగా ఉందని చెప్పమన్నారు" అంది.

ఆ వారమే అమ్మ మా ఇంటికి వచ్చింది. బెళ్ళందూరు వైపు సైట్లు అమ్ముతున్నారని ఎవరో చెప్పారట. చాలా హుషారుగా ఉంది. "బేగ కొనల్లప్పా, ఆడ ఆఫీసులు వస్తా ఉండాయంట" అంది మా ఆయనతో. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ నా వైపు తిరిగింది. "ఆ జావా ఇల్లు సుమ్నే, ఊరికే అట్లే పెట్టుకోనుండారు గదా. దాన్ని అమ్మి పారేయండి. ఏమే, పలకవు? ఇల్లు ఉండాదా లేదా?"

"ఉండాదిమా" అన్నాను. "ఇప్పుడు యా ఊర్లో ఉండాదో, అదే తెలీడం లేదు."