ముప్పయ్యో ఫోటో

ఘనా దేశపు కుమాసి నగరంలో ఆ పేటలో ఎవరు పోయినా, శనివారం అంత్యక్రియల్లో పంచే ఫోటోల, నివాళుల పుస్తకం సెర్వా ఇంట్లోనే తయారవుతుంది. ఫోటో తెరిచినప్పుడల్లా ఆమె, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి ఆనిస్తుంది. కాలితే విసనకర్రతో విసురుతుంది. ఈ శుక్రవారం మధ్యాహ్నం, రేపటి పుస్తకంలో పోయినాయన ముప్పయ్యో మేనల్లుడి ఫోటో దగ్గర అది మొరాయించింది. మెమరీ చాలట్లేదని తెరమీద పడింది.

"మేనల్లుళ్ళని కొందరిని తీసేద్దామా మావయ్యా?" అంది ఏడుపు గొంతుతో.

"ఒక్కణ్ణి తీసినా రేపు శవం ముందే కొట్టుకుంటారు. నీ పెట్టెనే ఏదో ఒకటి చెయ్యి తల్లీ," అన్నాడు వంశపెద్ద బోవాటెన్, కుర్చీలోంచి కదలకుండా.

పాటలు ఆపేసింది. తెరమీద తెరిచున్న పాత పుస్తకాలు మూసేసింది. అయినా కదల్లేదు. అన్నిటి అడుగున ఇంకొకటి తెరిచే ఉంది. రోజూ పొద్దున్నే మొదట తెరిచేది దాన్నే. మూడేళ్ళ కింద పోయిన భర్త నిలువెత్తు ఫోటో. పేటలో వితంతువులందరికీ నివాళులు రాసిపెట్టిన మనిషి, ఆ ఫోటో కింద ఒక్క మాట రాయలేకపోయింది.

"ఇదెవరిది?" అన్నాడు పెద్దాయన.

"ఇది ఆగుతుందిలే మావయ్యా," అని సెర్వా దాన్ని మూసింది.

ముప్పయ్యో మేనల్లుడు మెల్లగా తెరమీదికొచ్చాడు, నవ్వుతూ.