ప్రార్థన మనవి వెంట రేపల్లె దాకా

శనివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు బాపట్ల స్టేషన్లో తెనాలి వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. చెరుకుపల్లి మీదుగా బస్సులో పోతే రేపల్లె దగ్గరే. అయినా తెనాలి చుట్టూ తిరిగి రైల్లో వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. క్షమాపణ అడగడానికి వెళ్ళేవాడికి చుట్టుదారే నచ్చుతుంది. మీలో ఎవరైనా అలాంటి పనిమీద రేపల్లె వెళ్ళాల్సి వస్తే ఈ మార్గమే ఎంచుకోండి. ఆలోచించుకోవడానికి టైము ఉంటుంది, మనసు మారితే తెనాలిలో వెనక్కి తిరిగే వీలూ ఉంటుంది.

పనేమిటో ముందే చెబుతాను. మా అక్క భర్త ప్రకాశరావు గారిది రేపల్లె. అడవులదీవి, నిజాంపట్నం బోట్ల ఇంజన్లు బాగుచేస్తారు. ఒకప్పుడు బాగా తాగేవారు. బాప్తిస్మం తీసుకున్నాక పదకొండేళ్ళు ముట్టలేదు. మొన్న చలికాలంలో తోటి మెకానిక్ చనిపోయిన రోజున ఒక్కసారి జారారు. మర్నాడు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "నువ్వొక్కడివే ప్రార్థన చెయ్యరా దేవసహాయం. ఎవరికీ చెప్పకు" అన్నారు. "సరే బావగారూ" అన్నాను.

ఆ వచ్చిన శుక్రవారమే మా చర్చిలో ఉపవాస ప్రార్థన. మా కూటాల్లో ఒక పద్ధతి ఉంది. చివర్లో ఎవరికి ఏ భారం ఉంటే అది లేచి చెప్పాలి, దాన్నే ప్రార్థన మనవి అంటాం. ఒకావిడ మోకాళ్ళ నొప్పి చెప్పింది, ఒకాయన అల్లుడి ఉద్యోగం చెప్పాడు. నా వంతు వచ్చింది. ఖర్మకొద్దీ ఆ రోజు నాకు నొప్పులేమీ లేవు. లేచి, గొంతు కాస్త వణికించి, "రేపల్లెలో మా బావగారు ప్రకాశరావు గారు మళ్ళీ తాగుడులో పడ్డారు. పేరు పెట్టి ప్రార్థించండి" అన్నాను. హాలంతా "అయ్యో ప్రభువా" అంది. ఒకరి గుట్టు అరుగు మీద చెబితే చాడీ అంటారు. మా కూటంలో కళ్ళు మూసుకుని చెబితే దాన్నే భారం అంటాం. ఈ సౌకర్యం ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు.

రెండు వారాల్లో అది రేపల్లె చేరింది. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేశాను, ఏ టపా అంత చురుగ్గా పోవడం చూడలేదు. అక్కడి స్త్రీల సమాజం వాళ్ళు పదిహేను మంది బావ ఇంటికి వచ్చి, వరండాలో మోకరించి, వీధంతా వినేలా ప్రార్థించి వెళ్ళారట. అప్పటినుంచి ఆయన చర్చి మానేశారు. నాతో మాటలు లేవు. ఈ ఆదివారం ప్రభువు బల్ల, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఎవరితోనైనా గొడవ ఉంటే సమాధానపడ్డాకే రొట్టె ముట్టాలని మా నియమం. శుక్రవారం సాయంత్రం అక్క ఫోన్ చేసి, "ఈయన మళ్ళీ సీసా పడతారేమోనని భయంగా ఉందిరా. నోటితో పాడుచేసినోడివి, వచ్చి ఆ నోటితోనే సర్దు" అని పెట్టేసింది.

అదీ సంగతి. రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. జేబులోంచి రెండు పేజీల క్షమాపణ తీసి, పెదాలు కదుపుతూ కంఠతా పట్టడం మొదలుపెట్టాను. ఎదుటి సీట్లో తెల్లగడ్డం పెద్దాయన. పేరు మస్తాన్ గారు, బాపట్లలో టైలరు, తెనాలిలో చెల్లెలింటికి వెళుతున్నారు.

"ఏంటి మాస్టారూ, పరీక్షా?" అన్నారు.

నేను మాస్టారిని కాను, కళ్ళజోడు వల్ల అందరూ అలాగే పిలుస్తారు. జరిగింది చెప్పి కాగితం చేతికిచ్చాను. మెచ్చుకుంటారనే ఇచ్చాను. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చదివారు.

"గుడ్డ ఎక్కువైందండి. 'తప్పే, కానీ మీ మేలు కోరి చెప్పాను.' 'తప్పే, కానీ ప్రార్థన కోసమే చెప్పాను.' ఏంటిది? ఆ 'కానీ' కనబడ్డ చోటల్లా కత్తెర వేసెయ్యండి సార్."

నాకు ఒళ్ళు మండింది. రాత్రంతా కూర్చుని రాసుకున్నది. అయినా పెన్ను తీసి కొట్టేస్తూ పోయాను. నిడుబ్రోలు దాటేసరికి రెండు పేజీలు రెండు లైన్లయ్యాయి.

ఎనిమిదింబావుకి తెనాలి. రేపల్లె బండికి ఇంకా గంట ఉంది. టికెట్టు పది రూపాయలు, లైను పెద్దగా లేదు. ప్లాట్‌ఫారం మీద నాలుగు ఇడ్లీ, రెండు గారెలు తిన్నాను. పశ్చాత్తాపపడేవాడు అంతకన్నా తింటే బాగుండదనిపించి మూడో గారె మానేశాను. అవతలి ప్లాట్‌ఫారం మీదికి బాపట్ల వైపు పోయే బండి ఒకటి వచ్చి ఆగింది. దానివంక చూశాను. అది కదిలిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.

రేపల్లె బండి తొమ్మిదీ ఇరవైకి కదిలింది. నా పక్కన తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో బైబిలు సంచి, సంచిలో పులిహోర డబ్బా, చేతిలో నోటుపుస్తకం. పేరు కరుణమ్మ గారు. తెనాలివాసి, రేపల్లెలో కూతురింటికి పోయి రేపు వచ్చేస్తుందట. జంపని రాకముందే నాది ఏ ఊరో, ఏ సంఘమో రాబట్టి, నేనూ విశ్వాసినే అని తెలిసి చేతిలో పులిహోర పెట్టింది.

"రేపల్లెలో ఒకాయన ఉన్నాడంట అన్నయ్యా," అంది గొంతు తగ్గించి. "తాగి తాగి లివరు పోయిందంట. పెళ్ళాన్ని రోజూ చావగొడతాడంట. బాగుచెయ్యమని ఇచ్చిన బోటు ఇంజన్లు కూడా అమ్ముకు తాగేశాడంట. మా కూటంలో మూడు వారాల నుంచి కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నాం."

పులిహోర తినడం ఆపేశాను. "పేరేంటండి?" అన్నాను.

ఆవిడ నోటుపుస్తకం తిప్పి, వేలు పెట్టి చూపించింది. ప్రకాశరావు, రేపల్లె.

మా అక్కని తెలిసినవాళ్ళెవరూ ఆ రెండో మాట నమ్మరు. ఆమె మీద చెయ్యి ఎత్తితే ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగదు.

"బాపట్లలో ఆయన బామ్మర్ది ఉన్నాడంట. దేవుడి మనిషంట. ఆయనే భారం పట్టలేక ఏడ్చుకుంటూ చెప్పాడంట. మీదీ బాపట్లేగా, తెలుసా?"

దాచకుండా చెబుతాను. ముందు నాకు కలిగింది సిగ్గు కాదు. దేవుడి మనిషి అన్న మాటకు లోపల చల్లగా అనిపించింది. ఆ చల్లదనం వేమూరు దాకా ఉంది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, అదీ నెమ్మదిగా.

"చూసినట్టే గుర్తండి" అన్నాను.

భట్టిప్రోలు దగ్గర ఆవిడ పెన్ను మూత తీసింది. "మీకేమన్నా మనవి ఉందా అన్నయ్యా?"

"ఒకాయన ఉన్నాడండి. నోరు అదుపులో ఉండదు."

"పేరు?"

"పేరు దేవుడికి తెలుసు లెండి."

"దేవుడికి తెలిస్తే సరిపోద్దా? మాకు తెలియొద్దూ?" అని పెన్ను మూత పెట్టేసింది.

పదిన్నరకు రేపల్లెలో దిగాను. షేర్ ఆటోలో ఇరుక్కుని అక్క ఇంటికి చేరేసరికి బావ రేకుల షెడ్డు కింద ఇంజన్ ముక్కని కిరసనాయిలుతో తుడుస్తున్నారు. తల ఎత్తలేదు. "అన్నం తిని వెళ్ళమను" అన్నారు అక్కతో. అక్క చేపల పులుసు పెట్టింది. ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది, రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

భోజనం అయ్యాక షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డాను. "బావగారూ, ఎవరికీ చెప్పనని మీకు మాటిచ్చి అందరికీ చెప్పాను. తప్పు చేశాను" అన్నాను. మస్తాన్ గారు కత్తిరించగా మిగిలింది అంతే. నాలుగో క్షణానికి "కానీ" నాలిక మీదికి వచ్చేసింది. గట్టిగా మింగాను.

బావ గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "బోటు ఓనర్లు ఇంజన్ చూపిస్తా దగ్గరికొచ్చి ముక్కు ఎగబీలుస్తున్నార్రా, వాసనొస్తుందేమోనని. నేను జారింది ఆ ఒక్కరోజే. తర్వాత ముట్టలేదు. ఎలాగూ తాగుబోతునయ్యాగా, తాగితే ఏంటి అని ఒక్కోరోజు అనిపిస్తుంది."

కింద పడి ఉన్న నట్టు ఒకటి తీసి ఆయన పక్కన పెట్టాను.

"ఒకటడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు లేచి చెప్పేటప్పుడు నీకు సంతోషం వేసిందా, లేదా?"

బాధపడ్డాను అనవచ్చు. మీ మీద ప్రేమ అనవచ్చు. కొట్టేసిన రెండు పేజీల నిండా అవే ఉన్నాయి. "వేసింది బావగారూ" అన్నాను.

"ఎందుకు?"

"మీరు పడ్డారని చెబుతుంటే నేను నిలబడ్డట్టు అనిపించింది."

పన్నెండేళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకు పాపాలు బోర్డు మీద రాసి చూపిస్తున్నాను. అబద్ధం, దొంగతనం, తాగుడు. ఎప్పుడూ ఎదుటివాళ్ళవే రాశానని ఆ షెడ్డులో తెలిసింది. ఈ సంతోషం బోర్డు మీదికి ఎక్కనే లేదు. పిల్లల్లో ఏ ఒక్కడైనా అడిగి ఉంటే బాగుండేది, వాళ్ళకేమో ఎప్పుడు గంట కొడతారా అని తొందర.

"ముప్పై ఏళ్ళు ఎవరి కవరూ చింపలేదని గొప్పగా చెప్పుకుంటావు," అన్నారు బావ. "నాది చింపావు కదరా."

నేను ఏడ్చాను. ఆయన కాసేపు ఏడవనిచ్చారు.

"శుక్రవారం లేచి నా గురించి చెప్పావు. శుక్రవారమే లేచి నీ గురించి చెప్పు. అప్పుడు వచ్చే నెల బల్లకి ఇద్దరం కలిసి పోదాం."

"ఇక్కడ మనిద్దరి మధ్య చెప్పుకుంటే సరిపోదంటారా?"

"సరిపోతే నా కోసం ప్రార్థన కూడా మనిద్దరి మధ్యే చేసేవాడివి" అని మళ్ళీ ఇంజన్ అందుకున్నారు.

ఆ రాత్రి వరండాలో నవారు మంచం వేశారు. దోమలు ఉన్నాయి, దోమతెర తెచ్చుకోండి. ఆదివారం బావ మూడు నెలల తర్వాత చర్చికి వచ్చి, చెప్పులు విడిచే చోట, వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నారు. రొట్టె పళ్ళెం మా దాకా వచ్చింది. ఇద్దరం ముట్టకుండా పక్కకి జరిపాం. ముందు వరుసలోంచి అక్క వెనక్కి తిరిగి, బడి ఎగ్గొట్టిన పిల్లల్ని చూసినట్టు ఇద్దరివంకా చూసింది. బావకు నవ్వు వచ్చింది. చర్చిలో నవ్వకూడదు కాబట్టి దగ్గారు.

మధ్యాహ్నం రెండింటికి స్టేషన్. కొల్లూరు లంకల అరటిపళ్ళు ఒక అత్తం సంచిలో పెట్టుకుని బావ కూడా వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ఎవరో "అన్నయ్యా!" అని కేకేశారు. కరుణమ్మ గారు.

తప్పించుకోవడానికి బండి ఇంకా రాలేదు. "మా బావగారండి, ప్రకాశరావు గారు" అన్నాను.

"ఏ ప్రకాశరావు గారండి?"

"మీరు ప్రార్థించే ప్రకాశరావునేనమ్మా" అన్నారు బావ.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "లివరు?"

"ఉందమ్మా."

"మరి ఆ బాపట్ల దేవుడి మనిషి?"

బావ నావైపు చూశారు. "నేనేనండి," అన్నాను. "ఆయన నన్ను నమ్మి చెప్పుకున్నది నేను నలుగురిలో పెట్టాను. నిన్న అడిగారే, నోరు అదుపులో లేనాయన పేరు. దేవసహాయం."

కరుణమ్మ గారు తిట్టలేదు. నోటుపుస్తకం తీసి, ప్రకాశరావు అన్న పేరు కిందే దేవసహాయం అని రాసుకుంది. "మనవి ఏమని రాయను?" అంది. నేను కొంచెం వివరంగా చెప్పబోయాను.

"నోరు అని రాయండమ్మా, చాలు" అన్నారు బావ. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "శుక్రవారం నేనూ వస్తున్నా. ముందు వరుసలో కూర్చుంటా" అన్నారు.

భట్టిప్రోలు దాటాక కరుణమ్మ గారు చీరకొంగు తలమీద కప్పుకుని సీటులోంచి లేచి నిలబడింది. "ప్రభువా! బాపట్ల దేవసహాయం నోటిని పట్టుకో ప్రభువా! సొంత బావ గుట్టు నలుగురిలో పెట్టాడు ప్రభువా!" పెట్టె ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినబడింది. కళ్ళు మూసుకోగలిగాను గానీ చెవులు మూసుకోలేకపోయాను. పదిహేను మంది వచ్చిన రోజు బావ ఆ వరండాలో ఎక్కడ నిలబడ్డారో, ఏ గోడవంక చూశారో మొదటిసారి ఊహించుకున్నాను. వేమూరులో ప్రార్థన ముగిసింది. "ఆమెన్" అన్నాను.

ఈ ప్రయాణం గురించి మొత్తంమీద చెప్పాలంటే టికెట్లు చౌక, పులిహోర బాగుంటుంది, ఎక్కినప్పటి పెద్దమనిషి దిగేటప్పటికి మిగలడు.

వేరుశనక్కాయల బుట్టతో ఒకామె మా సీటు దగ్గర ఆగిపోయి ఉంది. "పాపం, ఎవరండీ ఆ దేవసహాయం? మీకు తెలుసా?" అని నన్నే అడిగింది.

చూసినట్టే గుర్తు అనబోయాను. కరుణమ్మ గారు కళ్ళు తెరిచి నావంక చూస్తోంది.

"నేనేనమ్మా" అన్నాను. శుక్రవారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.