పేరమ్మ బోణీ టీ

మా ఊరికి నేను ఆశా కార్యకర్తను. రోగం వచ్చినవాళ్ళతో నాకు పేచీ లేదు. మాత్రలు ఇస్తాం, మింగుతారు. ఇంకా రాని రోగంతో తిరిగేవాళ్ళే నా ప్రాణం తోడేస్తారు. పేరమ్మ అలాంటిది.

ఆమెది మా ఊరి కిందకే వచ్చే సముద్రం ఒడ్డు పాలెం. తెల్లవారకముందే వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటి దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి నాయుడుపేట పోతుంది. వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. వాళ్ళమ్మదీ అదే పని. షుగరు వచ్చి, పాదానికి పుండు పడి, చివరికి మోకాలి కింద తీసేశారు. మళ్ళీ ఆమె గంప ఎత్తలేదు. అందుకే పేరమ్మ భయమంతా తన కాళ్ళ గురించే.

పోయినేడు సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై అమ్మకం ఆగగానే, మందుల వ్యాను దగ్గరకు ఆమెను లాక్కెళ్ళాను. మామూలు నెలల్లో అది మా ఊరొచ్చే వేళకు ఈమె నాయుడుపేటలో ఉంటుంది. షుగరు బోర్డర్‌లో ఉందన్నారు.

"మాత్రలియ్యండి సారూ," అంది.

"ఇంకా రాలేదు కదమ్మా. వస్తే ఇస్తాం. తీపి మానెయ్, అన్నం తగ్గించు, రోజూ నడువు," అన్నాడు డాక్టరు. కుర్రవాడు, మంచివాడే. ఆమె వెనక బారెడు వరస ఉంది, ఏం చేస్తాడు. నడవమని పేరమ్మకా చెప్పేది అని లోపల గొణుక్కున్నాను.

వాళ్ళింట్లో తీపి ఎక్కడిది? టీ కూడా కాయరు. నిషేధం ముగిసి ఆమె మళ్ళీ గంప ఎత్తాక కూపీ లాగితే తేలింది. నాయుడుపేటలో బట్టల వ్యాపారి భార్య జమాల్‌బీ ఉంది. రోజూ పేరమ్మకు బోణీ ఆమెదే. బోణీకి నోరు తీపి చేసుకోవాలని ఆమె పట్టు. పాకంలాంటి టీ తాగిస్తే గానీ డబ్బు చేతిలో పెట్టదు. ఆ తర్వాత ఇంకో నాలుగిళ్ళలో టీ. ఇంట్లో ఏం తింటావని అందరం అడిగాం గానీ, బయట ఏం తాగుతావని ఒక్కరమూ అడగలేదు.

"అది తిండి కాదు గదక్కా, బేరం," అంది.

నాకు ఒళ్ళు మండింది. "బేరమూ లేదు గీరమూ లేదు. రేపట్నుంచి తాగమాక. మీ అమ్మ కాలు మర్చిపొయినావా?"

గంప ఎత్తుకుని పోయింది. మర్నాటి నుంచి నిజంగానే మానేసింది.

ఈ ఏడు నిషేధంలో మళ్ళీ పరీక్ష చేయించాను. షుగరు దిగింది. డాక్టరు భేష్ అన్నాడు. నేను పొంగిపోయాను. పేరమ్మ మాత్రం వ్యాను మెట్టు మీద కూలబడింది.

"ఏంది పేరమ్మా, సంతోషం లేదా?"

"ఉందక్కా. బాగా అలిసిపొయినా." కొంగుతో మొహం తుడుచుకుంది. "టీ ఒద్దన్నాక జమాల్‌బీ గేటు కాడే చేపలు తీసుకుంటా ఉండాది. మిగతా ఇళ్ళూ అంతే. అంతకుముందు ఆ టీ తాగేదాకన్నా గంప దించి అరుగు మీద కూర్చోమనేవాళ్ళు. పిల్లల సంగతి అడిగేవాళ్ళు. ఇప్పుడు తూకం, డబ్బులు, పో. పొద్దుగూకులూ నిలబడే ఉండా. వేట మొదలైతే మళ్ళా తాగతా. కూర్చోబెట్టేవాళ్ళు లేనప్పుడు ఈ కాళ్ళు కాపాడుకోని ఏం చేసేది?"

తిడదామనుకున్నాను, మనసు రాలేదు. ఇంటింటికీ తిరిగే ఉద్యోగం నాదీ. ఆమె అలుపు ఎలాంటిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తీపి మానమని చెప్పడం వచ్చింది గానీ, ఆ తీపితో పాటు ఏం పోతుందో నాకు తట్టనే లేదు.

వేట మొదలైన రోజు పొద్దున్నే వాకిట్లో కాచుకున్నాను. పేరమ్మ రాగానే గంప నేనే పట్టి దించాను. "ఈరోజు బోణీ నాది," అని గుప్పెడు కవళ్ళ చేపలు కొని, చక్కెర వెయ్యని టీ గ్లాసు చేతికిచ్చాను. అరుగు మీద చోటు చూపించాను.

ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇదేం టీ అక్కా, కషాయం మాదిరి."

"నాకూ అదే. తాగు. పెద్దోడి చదువు ఎట్టా ఉంది?"

చెప్పడం మొదలుపెట్టింది. ఆటో వచ్చి హారన్ కొట్టింది. "ఉండబ్బా, వస్తాండా," అంది పేరమ్మ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.