తూము రాయి కన్నా పొట్టి చిరుత

1986 వేసవి చివర్లో మా దినపత్రిక నన్ను అమలాపురం విలేకరిగా వేసింది. అంతకుముందు రామచంద్రపురంలో ధాన్యం ధరలూ కాలేజీ ఎన్నికల గొడవలూ రాసేవాణ్ణి. అమలాపురంలో వేరే ఆఫీసు లేదు. అద్దె ఇంటి ముందు గదే ఆఫీసు. రాసిన వార్తలను కవర్లో పెట్టి సాయంత్రం రాజమండ్రి బస్సు కండక్టరుకు అందిస్తే, అక్కడ డెస్కు మనిషి వచ్చి తీసుకునేవాడు. డెస్కు అంటే మేం పంపినదాన్ని సరిదిద్ది, శీర్షిక పెట్టి, ఎంత జాగా ఇవ్వాలో తేల్చే సబ్ ఎడిటర్ల బల్ల. ఆ బల్లకు పెద్ద ఇన్‌ఛార్జి. నాబోటి విలేకరి ఉద్యోగం ఆయన నోటిమాట మీద నడిచేది.

ఆ ఏడే ఇంట్లోకి బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాం. కొబ్బరి చెట్ల మట్టలు దాటించడానికి గొట్టానికి గొట్టం అతికించి యాంటెన్నా లేపాల్సి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అడవి జంతువుల చిత్రం వేసేవారు. మా ఆవిడా నేనూ దాన్ని వదిలేవాళ్లం కాదు. గాలి తోలితే బొమ్మ చెదిరిపోయేది, ఒకరు డాబా ఎక్కి గొట్టం తిప్పాలి. సింహాల వేట చాలామటుకు నేను డాబా మీద నిలబడి, కింద నుంచి మా ఆవిడ చెబుతుంటే విన్నదే.

వర్షాలు పడ్డాక ఒక శనివారం పొద్దున్న, ఉప్పలగుప్తం వైపు ఒక పల్లెలో చిరుతపులి తిరుగుతోందని మరో పత్రికలో మొదటి పేజీ వార్త వచ్చింది. కళ్లారా చూసిన మనిషిగా ఆ ఊరి బడి హెడ్మిస్ట్రెస్ సువార్తమ్మ గారి పేరు వేశారు. గంట తిరక్కుండా మా ఇన్‌ఛార్జి రాజమండ్రి నుంచి ట్రంకాల్ చేశారు. మనకెందుకు రాలేదని అడిగారు. వెళ్లి చూసి రాస్తానన్నాను. చూడ్డానికేముంది, చిరుత వార్త బాగా పెంచి పంపండి, కుదరదంటే అమలాపురానికి వేరే మనిషిని వేసుకుంటాం అన్నారు. దాన్ని బెదిరింపు అనలేను. ఆ రోజుల్లో పనులు అలాగే జరిగేవి.

బస్సు దిగి, అద్దె సైకిలు మీద ఆ ఊరు వెళ్లాను. ఊళ్లో టీవీ ఉన్నది సువార్తమ్మ గారి ఇంట్లోనే. ఆదివారం వస్తే ఆవిడ ఉండే పేటంతా ఆ వరండాలో చాపల మీద కూర్చునేది. ఆవిడ అమలాపురంలో పుట్టి పెరిగి, బదిలీ మీద ఈ ఊరు వచ్చిన మనిషి. కాలవ గట్టున, తూము దగ్గర, సాయంత్రం వెలుగులో మచ్చల జంతువును చూశానని తడబడకుండా చెప్పారు. పేటలో బాతులు పోవడం కూడా నిజమే. గన్ లైసెన్సున్న రైతు సత్తిరాజు గారు సోమవారం పొద్దున్న వేటకు మనుషుల్ని కూడగడుతున్నారు. పేట కూలీలు డబ్బాలు వాయిస్తూ కాలవ పక్క జమ్ము గడ్డిలోంచి జంతువును బయటికి తోలాలి, ఆయన కాల్చాలి. అమలాపురం చేరేసరికి రాజమండ్రి ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది. వార్త పంపడం ఆదివారానికి వాయిదా పడింది.

ఆదివారం మధ్యాహ్నం సగం రాసిన వార్త ఒళ్లో పెట్టుకునే టీవీ ముందు కూర్చున్నాను. ఆ రోజు ఏనుగుల చిత్రం.

"ఎప్పుడూ ఏనుగును చూడనివాళ్లు దీన్ని చూస్తే పెరట్లో దూడ పక్కన కట్టేసుకోవచ్చనుకుంటారండీ" అంది మా ఆవిడ.

కలం మూసేశాను. అంతకుముందు ఆదివారం వేసింది చిరుతల చిత్రం. మా పెట్టెలో ఏనుగూ అంతే, చిరుతా అంతే, ఉడతా అంతే. సువార్తమ్మ గారు అంతకుముందు చిరుతను ఎక్కడ చూశారో నేను అడగలేదు.

మళ్లీ బస్సెక్కాను. నేను వెళ్లేసరికి చిత్రం అయిపోయింది గానీ వరండాలో చాపలింకా తీయలేదు. సత్తిరాజు గారు మర్నాటి వేట సంగతి మాట్లాడ్డానికి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నారు. అంతకుముందు చిరుతను ఎక్కడ చూశారని టీచరు గారిని అడిగాను.

"ఇంకెక్కడ చూస్తానండీ, ఇందులోనే" అని టీవీ చూపించారావిడ. "ఆ మచ్చలు మర్చిపోతానా?"

ఆ జంతువు దేని పక్కన నిలబడిందో చూపించమన్నాను. ముగ్గురం తూము దగ్గరికి నడిచాం. గట్టు మీద పాతిన రాయి ఒకటుంది. ఆ రాయి వెనకాలే నిలబడిందని, ఇటు తల, అటు తోక కనిపించాయని చెప్పారు.

"వీపు కనిపించిందాండీ?" అన్నాను.

ఆవిడ రాయి దగ్గరికెళ్లి నిలబడ్డారు. అది ఆవిడ మోకాలు దాటలేదు.

"కనపళ్లేదండి" అన్నారు. "రాయి అడ్డొచ్చింది."

"పులన్నాక పొంచి ఉంటదండీ" అన్నారు సత్తిరాజు గారు. "చూసిన మనిషి చూసేనని చెప్పేక ఈ కొలతలేంటండీ విలేకరి గారూ?"

"పొంచి లేదండి" అన్నారావిడే. "చేప తింటా నిలబడింది."

అప్పుడు నాకు తెలిసింది చెప్పాను. చేపలు పట్టి తినే మచ్చల పిల్లి ఒకటుంది, బావురు పిల్లి అంటారు. మడ అడవుల పక్క రోడ్డు మీద లారీ కింద పడి చచ్చినదాన్ని ఒకసారి దగ్గర్నుంచి చూశాను. కుక్క కన్నా పొట్టి. దొరికితే బాతుల్నీ వదలదు.

సత్తిరాజు గారు నవ్వేరు. "పేపర్లో మీ పేరేసి పులన్నారు టీచరు గారూ. రేపు పిల్లంటే మీ బళ్లో పిల్లలు కూడా మ్యావంటారండీ."

"అననీయండి" అన్నారావిడ. నా వైపు తిరిగి, "నా పేరు పెట్టే రాయండి. పొరపాటు పడ్డానని నేనే చెప్పేనని రాయండి" అన్నారు. తరవాత ఆయనతో, "రేపు మా పేట నుంచి డబ్బా పట్టుకుని ఒక్కరూ రారండి" అన్నారు.

"మీరు చెబితే ఆగిపోతారేంటండీ?"

"పులని నేను చెబితే నమ్మేరు కదండీ" అన్నారు సువార్తమ్మ గారు.

ఆ సాయంత్రం ఆఖరి బస్సుకు కవరు అందించాను. వార్తతోపాటు ఇన్‌ఛార్జికి ఒక చీటీ పెట్టాను. ఇందులో బావురు పిల్లి అన్నచోట చిరుత అని మారిస్తే అమలాపురం నుంచి మీకిక కవరు రాదని రాశాను. రాత్రి ట్రంకాల్ వచ్చింది. అవతలివాళ్లు మొదటి పేజీలో పులి వేస్తే మనం పిల్లి వేస్తామా అని అరిచారు. అక్కడున్నది పిల్లే కనక పిల్లే వేస్తామన్నాను. ఫోను పెట్టేశారు.

వార్త లోపలి పేజీలో, అడుగున, ఒక్క కాలమ్‌లో వచ్చింది. ఒక్క మాట కూడా మార్చలేదు. సోమవారం డబ్బాలు మోగలేదు. సత్తిరాజు గారి తుపాకీ ఇంట్లోనే ఉండిపోయింది. అవతలి పత్రిక ఇంకో రెండు సార్లు చిరుత వార్త రాసి, తరవాత దాని ఊసెత్తలేదు. సవరణ మాత్రం వేయలేదు. సువార్తమ్మ గారిని కొన్నాళ్లు పిల్లి టీచరన్నారు. ఆవిడ ఆదివారాలు టీవీ తలుపులు మూయలేదు, చాపలూ తీయలేదు.

సంక్రాంతి కాకముందే నన్ను రాజోలు వేశారు. మా లెక్కలో అది అమలాపురం కన్నా చిన్న కేంద్రం. ఎందుకని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వెళ్లాను. గొట్టాలతో సహా టీవీనీ తీసుకెళ్లాను.

ఆ తరవాత రిటైరయ్యేదాకా చాలామంది ప్రత్యక్ష సాక్షులతో మాట్లాడాను. ఏం చూశారన్నది ఎవరైనా అడుగుతారు. దేని పక్కన చూశారన్నది కూడా అడక్కుండా నేను వార్త పంపలేదు. ఆ జవాబు డెస్కుకు నచ్చకపోయిన రోజులు చాలానే ఉన్నాయి. ఆ రోజుల్లో కూడా కవరు అలాగే పంపాను.