మాటల దండెం

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు గుమ్మం దాటకముందే పాలలో వేలు ముంచి చూసే రకం. కడుపునొప్పి అని ఏడ్చే పిల్లకు నిజంగా నొప్పి ఉందో లేదో తేల్చడానికి మధ్యాహ్నం భోజనంలో గుడ్డు వడ్డించేదాకా ఆగి చూస్తాను. గుడ్డు తినిందంటే నొప్పి అబద్ధం. పోలీసు ఉద్యోగానికి బయలుదేరి దారి తప్పి బడికి చేరావని మా ఆయన అంటుంటాడు. ఇరవై రెండేళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి చూడు, నీకూ వస్తుంది అనుమానం అని బదులు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. ఎందుకు మానుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా బడి నగరిలో మగ్గాల వీధి చివర ఉంది. ఆ వీధిలో ఇల్లంటే ముందు మగ్గాలు, వెనక మనుషులు. కరెంటు మగ్గాలు తెల్లవారి మొదలుపెడితే దడదడమని కొట్టుకుంటూనే ఉంటాయి. మాకు ఆ చప్పుడు ఎంత అలవాటంటే, కరెంటు పోయి అన్నీ ఒక్కసారిగా ఆగితే అప్పుడు ఉలిక్కిపడతాం. చప్పుడుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా నూలు దుమ్ముతోనే. గాలిలో తేలుతూ వచ్చి సరాసరి నా ముక్కులోకే దూరుతుంది. కరోనా రోజుల్లో అందరితో పాటు కట్టుకున్న మాస్కును అందరూ తీసి పారేశాక కూడా నేను తీయలేదు. బడి గేటు దగ్గర పెట్టుకుంటే మళ్ళీ సాయంత్రం బస్సెక్కాకే తీయడం. మూడో తరగతి పిల్లలకు నా మూతి ఎట్లా ఉంటుందో తెలియదని తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఆయాసం వచ్చేది నాకు కదా.

ఆ ఏడు వేసవిలో మాకు శిక్షణ పెట్టారు. తరగతి గదిని ఎట్లా తీర్చిదిద్దాలి, ఆటలతో పాఠం ఎట్లా చెప్పాలి అని మూడు రోజులు కత్తెరలూ జిగురూ ఇచ్చి కూర్చోబెట్టారు. మొదట దాన్నీ అనుమానించాను. గోడలకు రంగు కాగితాలు అంటిస్తే చదువొచ్చేటట్టయితే, పెళ్ళి పందిట్లో కూర్చున్నవాళ్ళంతా పండితులు అయిపోవాలి కదా అని పక్కనున్న ఆమెతో గొణిగాను. కానీ ఒక పని నెత్తికెత్తుకుంటే సగంలో దించే అలవాటు నాకు లేదు. బడి తెరవడానికి వారం ముందే వచ్చి బెంచీలన్నీ వరండాలోకి లాగించాను. గదిలో చాపలు గుండ్రంగా పరిచాను. వీధిలో అడిగితే ఖాళీ కండెలు సంచి నిండా ఇచ్చారు. నూలు చుట్టి మగ్గంలో పెట్టే చిన్న గొట్టాలవి. విడి కండె అంటే ఒకటి, పది కండెలు కట్టిన కట్ట అంటే పది. చీర అంచు డిజైను కోసం మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు పాతవి తెచ్చి, ఆ చిల్లుల్లో రంగు దారం దూర్పించి ఎక్కాలు కుట్టించాను. ఈ గోడ నుంచి ఆ గోడకు నూలు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో మాటలు రాసిన అట్టలు వేలాడదీశాను. దానికి మాటల దండెం అని పేరు పెట్టింది పిల్లలే.

దండెం ఆట చాలా తేలిక. నేను గుండ్రం వెనకాల నడుస్తూ ఒక మాట పలుకుతాను. వంతు వచ్చిన నలుగురు పిల్లలు లేచి వెళ్ళి ఆ మాట ఉన్న అట్టను తీయాలి. ఒక్కో మాటకు నాలుగైదు అట్టలు ఉంటాయి, కాబట్టి తోపులాట లేదు. టీచరు ఒకేచోట నిలబడి ఉపన్యాసం ఇవ్వకూడదు, పిల్లల చుట్టూ తిరగాలి అని శిక్షణలో పదే పదే చెప్పారు. నేను తు.చ. తప్పకుండా తిరిగాను. నెల తిరిగేసరికి, బడి అంటే ఏడ్చే పిల్లలు కూడా గంట కొట్టకముందే వచ్చి చాపల మీద కూర్చునేవాళ్ళు. కాదనడానికి లేదు, నాకు గర్వంగానే అనిపించింది.

ఆ గుండ్రంలో ఒక పిల్ల మీద నా కన్ను పడింది. రెండు జడల పిల్ల, మగ్గాల ఇంటి పిల్లే. ఆటలో మిగతా ముగ్గురూ కదిలాకే కదిలేది. వాళ్ళు ఏ అట్ట మీద చెయ్యి వేస్తే తనూ ఆ మాట ఉన్న అట్టే తీసేది. ఎప్పుడూ తప్పు లేదు, ఎప్పుడూ మొదటిది కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నోరు తెరిస్తే చాలు, పక్కపిల్లల మొహాలు వెతికేది. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. ఎంత పొగరు అనుకున్నాను. మాట కొంచెం ముద్దగా వచ్చేది, అది మొహమాటం అనుకున్నాను. డిక్టేషన్ పెడితే మాటలన్నీ పక్కపిల్ల చేసిన తప్పులతో సహా దిగేవి. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం చక్కగా చదివేది. అది నాకు ఇంకా అనుమానం. ఇంట్లో ఎవరో బట్టీ పట్టించి పంపుతున్నారని తేల్చేశాను. రెండో తరగతిలో ఆ పిల్లకు మంచి గ్రేడు ఉంది. అది వేసిన టీచరు బదిలీ మీద పుత్తూరు వైపు వెళ్ళిపోయింది. పోతూ పోతూ మంచిపేరు కోసం అందరికీ దోసిళ్ళతో పంచి పోయిందని ఆమెనూ కలిపి తిట్టుకున్నాను.

ఆగస్టులో ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. జడ నిండా నూలు పోగులు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"దీనికి సదువు ఎక్కతా ఉండాదా లేదా సెప్పండి మేడం. పోయినేడు బాగానే ఉన్నింది. ఇప్పుడు ఇంటికొచ్చి ఒక్క ముక్క సెప్పదు. ఎక్కదంటే దసరా నుంచి కండెల కాడ కూసోబెట్టుకుంటా. నాకూ ఒక చెయ్యి తోడైతాది."

ఎనిమిదేళ్ళ పిల్లను పనిలో పెడతావా అని కోప్పడ్డాను. నేనేమైనా పక్కింటి పిల్లను పెడతా అన్నానా అని ఆమె కూడా కోప్పడింది. చివరికి దసరా సెలవులదాకా ఆగమని, ఈలోగా సంగతి తేల్చి తనకే చెబుతానని మాటిచ్చి పంపాను. అంటే ఆ పిల్ల బడిలో ఉండేదీ లేనిదీ నేను చెప్పబోయే దాని మీదే ఆధారపడింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను తర్వాతదంతా.

సెలవులు ఇచ్చే ముందు వారం దొంగను పట్టడానికి ఏర్పాటు చేశాను. ఒక చాప దండేనికి దగ్గరగా వేసి, మిగతా పిల్లలు కనపడకుండా వాళ్ళకు వీపు పెట్టి ఆ పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. ఇవాళ ఆట నీ ఒక్కదానికే అని చాప చూపించి, అట్టలు చూపించి, వెనక్కి వచ్చి నిలబడ్డాను. 'గొడుగు' అన్నాను. కదల్లేదు. 'కుండ' అన్నాను. కదల్లేదు. గొంతు ఏమాత్రం పెంచలేదు; పెంచితే పరీక్ష ఎట్లా అవుతుంది? ఐదు మాటలు పలికాను. అట్టల వంక చూస్తూ అట్లాగే కూర్చుంది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుకు కూడా తల తిప్పలేదు. ఎవరో వెళ్ళి భుజం తట్టాక తిరిగి చూసింది. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక తనూ కొంచెం నవ్వింది.

ఆ క్షణం నాకు సంతోషమేసింది. దొరికింది కదా అనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సెలవులు ఇచ్చిన సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. లోపల అడుగు పెట్టేసరికి నా మాట నాకే వినపడలేదు. తల్లి మగ్గం దగ్గర నిలబడి ఉంది. చివర మూలలో ఆ పిల్ల అప్పుడే కండెలు చుడుతూ కూర్చుంది. మీ పాప సంగతి చెప్పడానికి వచ్చానని గొంతు చించుకుని అరిచాను. తల్లి నా మొహం చూసి, మాస్కు వైపు వేలు పెట్టి, కిందికి లాగమని సైగ చేసింది. లాగాను. అప్పుడు తల ఊపింది.

తర్వాత ఆమె మగ్గం వదలకుండానే, మూలలో ఉన్న కూతురి వైపు తిరిగి పెదాలు కదిపింది. గొంతు లేదు, అరుపు లేదు. పిల్ల లేచి వెళ్ళి నాకు మజ్జిగ గ్లాసు తెచ్చింది. మళ్ళీ ఏదో పెదాలతో అంది. పిల్ల స్టూలు తెచ్చి వేసి, పోయి తన రాట్నం ముందు కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఇంత చురుకు, బళ్ళో అంత నటనా? ఆ దడదడలో ఎవరికి వినపడుతుందిలే అన్న ధైర్యంతో, మజ్జిగ గ్లాసు పట్టుకుని పైకే గొణుక్కున్నాను: "ఇంట్లో చూడు ఎట్లా ఉందో. బళ్ళో మాత్రం దొంగ."

మూలలో రాట్నం ఆగింది. ఆ పిల్ల లేచి, మగ్గాల సందులోంచి నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్ళలో నీళ్ళు. ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోసారి కూడా అదే అంది. నేను వెర్రిదానిలా చూస్తుంటే తల్లి మగ్గం ఆపి వచ్చి నా చెవిలో చెప్పింది.

"నేను దొంగను కాను అంటా ఉండాది మేడం. మీరేమన్నా అన్నారా దాన్ని?"

గ్లాసు కింద పెట్టి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చాను. తల్లి కూడా వచ్చింది. మామూలు గొంతుతో, మాస్కు లేకుండా, దండెం మీది మాటలు ఏమేం ఉన్నాయో చెప్పమన్నాను. గొడుగు, కుండ, చెరువు అని గడగడా చెప్పింది. మాస్కు పైకి లాగి అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. వెంటనే తిరిగి వాళ్ళమ్మ మొహం చూసింది. బళ్ళో పక్కపిల్లల మొహాలు చూసినట్టే. అరుగు మీద కూర్చుండిపోయాను.

ఆ పిల్ల నా పక్కన నిలబడి నిదానంగా చెప్పింది. "బళ్ళో మీ నోరు కనపడదు మేడం. పోయినేడు మేడందైతే కనపడేది."

తల్లిని అడిగితే, చిన్నప్పుడు చెవి కారేదని, నూనె పోస్తే నిలిచిపోయిందని చెప్పింది. వినపడటం లేదని మీకెప్పుడూ అనిపించలేదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నేను ఎన్నో ఏళ్ళుగా అందరినీ చూసే చూపు అది.

"మా ఇండ్లల్లో యా పిల్ల సెవితో ఇంటాది మేడం? అందురూ మూతి సూసేదే. సదువు సెప్పను సేతగాక సెవిటిదని పేరు పెడతా ఉండారా?"

నాకు కోపం రాలేదు. వచ్చే హక్కు లేదు. తప్పు నాదేనని, మూడున్నర నెలలు మూతి మూసుకుని పాఠం చెప్పానని, అర్ధ సంవత్సర పరీక్షలదాకా పిల్లను బడి మాన్పించవద్దని అడిగాను. ఆమె అప్పటిదాకా సూస్తా, ఆ తర్వాత మీరేం సెప్పినా ఇనను అని లోపలికి వెళ్ళిపోయింది.

సెలవుల్లోనే తల్లీకూతుళ్ళను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు చెవుల్లోనూ లోపలి పొర దెబ్బతినిందని, చెవి మిషను పెట్టుకుంటే కొంత మేలని చెప్పారు. మిషను వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆలోగా చెయ్యాల్సింది నేనే. మాస్కు తీశాను. పొద్దున్నే నేల తడి చేయించి, కిటికీలకు తడిబట్టలు కట్టాను. అయినా తుమ్ములు తప్పలేదు. గుండ్రాన్ని సగం చేసి చాపలు అర్ధచంద్రంలా వేయించాను. శిక్షణలో ఏం చెప్పినా సరే, చుట్టూ తిరగడం మానేసి ఎదురుగా నిలబడ్డాను. మొదటి రోజు నా మూతి చూసి పిల్లలంతా ఒకటే నవ్వు.

దండెం ఆట కూడా మారింది. గొంతు లేకుండా పెదాలతో మాత్రం మాట పలుకుతాను, పిల్లలు కనిపెట్టి అట్ట తీయాలి. మగ్గాల వీధి పిల్లలు కదా, ఒక్కరూ తప్పలేదు. అందరికన్నా ముందు లేచేది రెండు జడల పిల్లే. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చిన రోజు తల్లి వచ్చి, ఒక్కో పేపరూ తిప్పి తిప్పి, పక్కపిల్లల పేపర్లతో కూడా పోల్చి చూసింది. కండెలు చుట్టడానికి వీధిలో ఒకామెను పెట్టుకున్నట్టు మరుసటి వారం తెలిసింది.

ఆ తర్వాత ఒక రోజు, ఆటలో టీచరు వంతు ఆ పిల్లది. నేను కూడా ఆడాలని పిల్లలు పట్టుబట్టారు. మరో ముగ్గురితో పాటు దండెం ముందు నిలబడ్డాను. ఆ పిల్ల ఎదురుగా నిలబడి పెదాలు కదిపింది. ముగ్గురూ వెళ్ళారు. నాకేమీ తెలియలేదు. మెల్లగా ఓరకంట పక్కపిల్ల చెయ్యి ఎటు పోతుందో చూసి, అదే మాట ఉన్న అట్ట తీశాను.

"మేడం సూసి తీసినారు," అంది.

క్లాసంతా నన్నే చూస్తోంది. అవును, చూసే తీశానని ఒప్పుకున్నాను. ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఆ పిల్ల దగ్గరికి వచ్చి, నా చేతిలోని అట్ట తీసుకుని మళ్ళీ క్లిప్పుకు తగిలించింది.

"పరవాలేదు మేడం. మళ్ళా సెప్తా, నా నోరు సూడండి."

నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి, నాకు అందేదాకా మూడుసార్లు పలికింది. ఈసారి నేను పక్కకు చూడలేదు.