పొంతెదేరాలో నీళ్ళకు దిగిన గురవమ్మ

ముందు దంచుడు వినిపిస్తుంది. ఇత్తడి రోట్లో యాలకులు నలిగే చప్పుడు. రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి మెల్లగా. మస్కట్‌లో ఘుబ్రా పేటలోని ఆ ఇంటికి శుక్రవారం తెల్లారినట్టు తెలిసేది ఆ చప్పుడుతోనే. అరబ్బుల కాఫీ కావా కాగి, ఫ్లాస్కులోకి చేరాక వంటింటి తలుపు తెరుచుకుంటుంది. తడి చేతులు తుడుచుకుంటూ గురవమ్మ బయటికొస్తుంది.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళుగా ఈ ఇంటి వంటా, ఉతుకూ, పాప పెంపకమూ ఆమెవే. యజమానురాలు రయ్యా మేడమ్ బడిలో టీచరు. ఆమె భర్త హమద్‌ది ఆఫీసు ఉద్యోగం. వాళ్ళ నోళ్ళలో గురవమ్మ పేరు అరిగి అరిగి ‘గౌరా’గా మిగిలింది.

ఆమె పుట్టింది కడప వైపు నందలూరులో, పట్టాల పక్కన. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. చిన్నతనమంతా ఉడకబెట్టిన శెనక్కాయలు బోగీ బోగీకీ తిరిగి అమ్మింది. కూత వింటే అది ఏ రైలో చెప్పేది. ఒమాన్‌లో మనుషులెక్కే రైలు లేదు. అందుకే రెండేళ్ళ కిందట ఇటలీ పోదామని ఆ ఇంట్లో అనుకున్నప్పుడు, ఆరేళ్ళ పాప షమ్మా గోపురాల గురించి అడగలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"రైలు కుదుపుతుందా గౌరా?"

"ఊయల్లో పండబెట్టినట్టుంటాది బంగారూ. నిద్దరొస్తాది."

గురవమ్మను కూడా తీసుకుపోదామన్నది రయ్యా. హమద్ నవ్వాడు. "యూరప్‌కి పనిమనిషినా? దిగగానే ఒక సలాం కొట్టి మాయమవుతుంది. మా ఆఫీసులో ఇద్దరి ఇళ్ళల్లో జరిగింది" అన్నాడు, ఆమె ముందే. రయ్యా వీసా కాగితం మీద సంతకం చేసింది, తీసుకెళ్ళిన మనిషిని తిరిగి తెస్తానని. గురవమ్మ ఆ సంతకం చూసింది. ఆ నవ్వూ విన్నది.

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఎక్కిన రైలు అసలు కుదపలేదు. కిటికీ అవతల కొండలు పట్టుగుడ్డ లాగినట్టు జారిపోయాయి. "నువ్వు అబద్ధం చెప్పావు" అని షమ్మా మూతి ముడిచింది. మర్నాడు పీసాకు ఎక్కింది మాత్రం ఊరూరా ఆగే రైలు. బోగీ కొంచెం ఊగింది. గురవమ్మ ప్రాణం కుదుటపడింది. "ఇదీ రైలంటే. మా ప్యాసింజరు బండి ఇంతే" అని పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

పాపకు దాహమేసింది. బాటిల్లో చుక్క లేదు. అప్పుడే రైలు పొంతెదేరా అనే స్టేషన్లో ఆగింది. ఎదురుగా ప్లాట్‌ఫారం మీద ఒక ఇనుప కుళాయి ఉంది. గురవమ్మ భుజాన సంచితోనే బాటిల్ తీసుకుని దిగింది. దిగేటప్పుడు ఆలోచించలేదు. రైలు ఆగితే నీళ్ళు పట్టుకోవడం ఆమె చేతులు చిన్నప్పుడే నేర్చిన పని. ఆమెకు తెలిసిన రైలు ముందు కూస్తుంది, తర్వాత నిండుచూలాలు లేచినట్టు మెల్లగా కదులుతుంది. నడుస్తూ అందుకోవచ్చు.

ఈ రైలు కూయలేదు. బాటిల్ సగం నిండేలోపే తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. పరుగెత్తి అరచేతులతో బాదింది. అద్దం వెనక షమ్మా నోరు గుండ్రంగా తెరుచుకుంది. కేక మాత్రం ఈవలికి రాలేదు. ఆ అద్దం కదిలి వెళ్ళిపోయింది.

ఫోను సీటు మీద ఉంది. పాస్‌పోర్టు మేడమ్ సంచిలో, టికెట్లు హమద్ ఫోన్‌లో. నంబరు ఒక్కటీ నోటికి రాదు. భయం తర్వాత వేసింది. ముందు హమద్ నవ్వు గుర్తొచ్చింది.

స్టేషన్ బయట పండ్ల కొట్టుంది. కొట్టతను ఆమె ముఖం చూసి హిందీలో పలకరించాడు. పేరు ఖమరుద్దీన్, బంగ్లాదేశ్ వాడు. మస్కట్‌లో నేర్చిన హిందీతో ఆమె జరిగింది చెప్పుకుంది.

"ఇంగో రైలు ఎప్పుడు నాయనా?"

"ఈరోజు ఇక లేదు ఖాలా. రైళ్ళ సమ్మె. మీది ఆఖరిది" అన్నాడు, పిన్నిని పిలిచినట్టు.

ఒక పండ్ల పెట్టె బోర్లించి కూర్చోమన్నాడు. పాస్‌పోర్టు ఎక్కడని అడిగాడు. జీతం అడగలేదు, సెలవు ఎన్ని రోజులని అడిగాడు. ఆమె బాటిల్ మూత బిగిస్తుంటే తనే అందుకున్నాడు.

"మా ఆవిడ ఇక్కడ ఒక ముసలమ్మని చూసుకుంటుంది. గురువారం సగం రోజు, ఆదివారం మొత్తం సెలవు. ఈ వీధి చివర ఇంకో ముసలాయనకి మనిషి కావాలి. కాగితాలకి కొన్నేళ్ళు పడుతుంది. పట్టనీ. ఇట్లా దిగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు."

"దిగిపోలేదు నాయనా. నీళ్ళకు దిగినా."

"అందరూ ఏదో ఒకదానికే దిగుతారు ఖాలా."

ఎదుటి ఇంటి కిటికీలో ఎర్రపూల కుండీలకు ఎవరో నీళ్ళు పోస్తున్నారు. అప్పటికి తొమ్మిదేళ్ళలో గురవమ్మ మూడుసార్లు ఊరికి పోయింది. అక్కడ కూతురు శ్రీవాణి కాన్పుకో, ఎవరి చావుకో చాకిరీ చేసి వచ్చింది. ‘గౌరా’ అనో, ‘అమ్మా’ అనో ఎవరూ పనికి పిలవని పగలు ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. దొరకలేదు.

"ఉండిపోదామనే అనిపిచ్చింది, అబద్ధం సెప్పను" అంటుంది ఇప్పుడు, ఆ రోజు సంగతి అడిగితే. "కానీ పోవాలనుకుంటే సెప్పి పోతా. తలుపులు మూసుకున్యాయని పోతానా?"

పీసాకు బస్సుందా అని అడిగింది. ఖమరుద్దీన్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి లేచాడు. ‘టి’ అక్షరం బోర్డున్న సిగరెట్ల కొట్టుకెళ్ళి టికెట్ తెచ్చాడు. ఇక్కడ బస్సు టికెట్లు అక్కడే అమ్ముతారట. "ఎక్కగానే పెట్టెలో దూర్చు, ముద్ర పడుతుంది. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే" అని రెండుసార్లు చెప్పాడు. ఆమె సంచిలోంచి పాప కోసం ఒమాన్ నుంచి తెచ్చిన బర్కా ఊరి ఖర్జూరాల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది.

బస్సులో టికెట్ దూర్చింది. టక్‌మని ముద్ర పడింది. కిటికీ పక్కన కూర్చుంది. మస్కట్‌లో ఎక్కడికెళ్ళినా కారు వెనక సీటే, ఒళ్ళో పాపో, సంచులో. ఇప్పుడు ఒళ్ళో ఏమీ లేదు. పొద్దుతిరుగుడు పొలాలు పసుపు ఆరబోసినట్టున్నాయి. భయం అట్లాగే ఉంది. దాని కిందెక్కడో ఒక చల్లని సంతోషం. పాప ఏడుస్తూ ఉంటుందని తెలిసి కూడా అది పోలేదు.

పీసా స్టేషన్ ముందు పాప పెట్టె మీద కూర్చుని వెక్కుతోంది. రయ్యా నిలబడే ఉంది. హమద్ ఫోన్ చెవి దగ్గర నుంచి దించాడు.

"నీళ్ళు దొరికాయా గౌరా?"

గురవమ్మ చేతిలో బాటిల్ అట్లాగే ఉంది. పాప లాక్కుని గటగటా తాగింది.

"వస్తుందని నేను చెప్పాను" అంది రయ్యా. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నమ్మిందో, నమ్మాలని గట్టిగా అనుకుందో.

"మేడమ్, ఒకటి అడగల్ల. నాకు జుమా సెలవు కావాల, ప్రతి శుక్రవారం."

"ఏమిటి? ఇప్పుడా?"

హమద్ పెద్దగా నవ్వాడు. ఈసారి నవ్వులో ముల్లు లేదు. "పారిపోవడం కన్నా ఇది నయం. ఇచ్చెయ్."

"రోజంతా?" అంది రయ్యా.

"కావా పెట్టినంక. సీకటి పడేదాకా."

రయ్యా పాప ముఖం తుడిచింది. తర్వాత "తయ్యిబ్" అంది. సరేనని.

రెండేళ్ళయింది. మొదటి శుక్రవారం ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గరే కూర్చుంది. రెండో శుక్రవారం మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఘుబ్రాలో ఎక్కి మస్కట్‌లోనే ఉన్న రూవీ బజారు దాకా వెళ్తుంది. రూవీలో ఎవరున్నారని అడిగితే, వస్తున్న బస్సుకు చెయ్యెత్తుతూ చెప్పింది:

"యవురూ లేరు. ఆడిదాకా పోతా, ఒగ టీ తాగుతా, మళ్ళా ఎక్కి వస్తా. ఈపొద్దు సముద్రం వైపు కూచోవల్ల. ఉంటా మరి, సీట్లు నిండిపోతాయి."