చప్పుడు ఆగితే లేచే మనిషి

మా మేనమామ పోయాడు. పోయిన వారం, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే అత్త ఫోను చేసింది. "మీ మామ ఇయ్యాల మంచిగ పండుకున్నడనుకున్న బిడ్డా. లేపుదామని పోతే లేస్తలేడు" అంది. ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. కొన్ని నెలలుగా ఆయనకు నిద్ర పట్టకపోవడమే మా రెండిళ్లలో పెద్ద దిగులు. అందుకని మొదట నాకు సంతోషం కలిగింది. హమ్మయ్య, పడుకున్నాడు అనుకున్నాను. ఆ తర్వాత అత్త ఏడుపు వినబడింది.

మామయ్య సూరత్‌లో సాంచాలు నడిపాడు. సాంచా అంటే మరమగ్గం. ఇక్కడ మావాళ్లెవరూ మరమగ్గం అనరు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసం రాని వయసులో వచ్చి, ఊపిరితిత్తులు మొరాయించేదాకా అదే పని చేశాడు. అలాంటివాళ్లు మేముండే పేట వడోద్‌లో ఏ గల్లీలోనైనా దొరుకుతారు. కానీ జమైకా పాటల కచేరీలకు అన్నిసార్లు వెళ్లిన సాంచా మనిషి మాత్రం సూరత్ మొత్తంలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు. వెళ్లిన ప్రతిసారీ నిద్రపోయాడు, అది వేరే సంగతి.

ఆ పాటల పిచ్చి నాది. రెగే అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అందులో గొంతు కంటే బాస్ గిటారు ముందు నడుస్తుంది. దేనికీ తొందరపడదు. రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని చీరల మీదికి పువ్వులూ ఆకులూ గీసి, కళ్లు మండుతూ బయటపడే నాలాంటిదానికి అది బాగా సరిపోతుంది. దాన్నే వేగం పెంచి, మాటలు గబగబా వదిలితే డాన్స్‌హాల్. ముంబై నుంచో గోవా నుంచో బృందాలు వచ్చినప్పుడు డుమస్ రోడ్డు మీద, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పార్టీ ప్లాట్లలో కచేరీ పెడతారు. గుజరాత్ కదా, మందు ఉండదు. కోల్డ్ కోకో అనే చల్లటి చాక్లెట్ పాలు తాగి ఎగరడమే. పదింటికల్లా పోలీసులు వచ్చి సౌండు బంద్ చేయిస్తారు. మా ఊళ్లో రాత్రి షికారు అంటే ఇంతే.

ఆ కాస్తకే అమ్మ ఒప్పుకోలేదు. "ఆడిపిల్ల ఒక్కతే పోవుడేంది? పోతే మామను తోలుకపో, లేకుంటే ఇంట్లనే పండు" అంది. మామయ్య అప్పుడే షిఫ్టు దిగి వచ్చి మా గడపలో కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. కనుబొమల మీద దారం దుమ్ము అలాగే ఉంది. అమ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. విప్పిన చెప్పు మళ్లీ వేసుకున్నాడు. "పా బిడ్డా. ఏడికో చెప్పు" అన్నాడు. ఆయన నాకోసం చేసిన పనులన్నీ ఇలాగే, ఇంకో ప్రశ్న లేకుండా మొదలయ్యేవి.

ఆ మొదటిసారి గుంపులో నిలబడే ఓపిక ఆయనకు లేదు. వెతికి వెతికి ఒక ప్లాస్టిక్ కుర్చీ సంపాదించి, సరిగ్గా పెద్ద స్పీకర్ల పక్కన వేసుకున్నాడు. మనిషెత్తు స్పీకర్లు. ఆ మోతకు తట్టుకోలేక జనం అక్కడి నుంచి దూరం జరుగుతున్నారు. "నువ్వు ఎగురు. నేను ఈడ్నె కూసోని సూస్త" అని సైగ చేశాడు. రెండో పాటలో వెనక్కి తిరిగి చూస్తే, గడ్డం ఛాతీకి ఆనించి గాఢనిద్రలో ఉన్నాడు.

సెక్యూరిటీ అతను నా దగ్గరికి వచ్చి, "అంకుల్ పీకే ఆయే హై క్యా?" అని అడిగాడు. తాగి వచ్చాడా అని. మా రాష్ట్రంలో ఆ ప్రశ్న తర్వాత మజిలీ పోలీసు స్టేషనే. కాదు భయ్యా, డ్యూటీ దిగి వచ్చాడు, అలసిపోయాడు అని ఎంత మొత్తుకున్నా అతను నమ్మలేదు. అంత మోతలో తాగనివాడు ఎలా నిద్రపోతాడన్నది అతని అనుమానం. భుజం పట్టుకుని ఊపాడు. మామయ్య కదల్లేదు. అప్పుడే పాట ఆగింది. మామయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి ముందుకు పోయి, అక్కడ లేని సాంచా పిడి కోసం గాలిలో తడుముకుంది. "ఏది ఆగింది? ఏది?" అని అతన్నే గద్దించి అడిగాడు. ఆయన నోటి నుంచి వచ్చింది పిప్పరమెంటు వాసన. సెక్యూరిటీ అతను క్షమాపణ చెప్పి వెళ్లిపోయాడు. నేను నవ్వలేక చచ్చాను.

మీరెప్పుడైనా సాంచాల కార్ఖానాలో నిలబడ్డారో లేదో నాకు తెలియదు. లోపల పక్కవాడి మాట వినబడదు. వరుసగా అన్నీ నడుస్తున్నంతసేపూ పనివాడికి బెంగ లేదు. పోగు తెగి ఏదో ఒకటి ఆగినప్పుడే పరుగెత్తాలి. రాత్రి షిఫ్టుల్లో స్తంభానికి ఆనుకుని, నిలబడే కునుకు తీసిన ఒళ్లు అది. చప్పుడు నడుస్తుంటే నిద్రపోతుంది, ఆగితే లేస్తుంది. వడోద్‌లో ఆయన గది కూడా కార్ఖానా గోడకు ఆనుకునే ఉండేది. కరెంటు పోతే ఫ్యాను ఆగిందని మేం లేచేవాళ్లం. ఆయన సాంచాలు ఆగాయని లేచేవాడు.

డాన్స్‌హాల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. పాట మరీ నచ్చి జనం చేతులెత్తి అరిస్తే, డీజే దాన్ని మధ్యలోనే టక్కున ఆపేసి మళ్లీ మొదటి నుంచి వేస్తాడు. ఆపడమే మెప్పు. మామయ్యకు మాత్రం అది గండమే. ఆపిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచేవాడు. అప్పుడు నేను గుంపులోంచి చెయ్యి పైకెత్తి, చూపుడు వేలిని గుండ్రంగా తిప్పేదాన్ని. మాట వినబడని కార్ఖానాల్లో అందరికీ తెలిసిన సైగ అది. నడుస్తుంది, నడిపించు అని. ఆయన దాన్ని చూసి, నమ్మి, మళ్లీ కుర్చీలో ఒదిగిపోయేవాడు.

"మంచిగ నడిచేదాన్ని ఆపుడేంది బిడ్డా?" అని ఒకసారి స్కూటీ మీద తిరిగి వస్తుంటే అడిగాడు. బాగుంది కాబట్టే ఆపారు మామా, మళ్లీ మొదటి నుంచి వినడానికి అన్నాను. స్కూటీ ఉధ్నా దాటింది. ఆ తర్వాత, "మంచిగ నేసినవ్, మళ్ల మొదటికెల్లి నెయ్యి అని మా సేఠ్ ఒక్కనాడన్న అనలే" అని తనలో తనే నవ్వుకున్నాడు.

కచేరీకి వెళ్లే ముందు జేబులోంచి ఇంత దూది తీసి నా చెవుల్లో పెట్టేవాడు. మరి నీకు మామా అంటే, "నా చెవులు ఎన్నడో సాంచాలకు ఇచ్చేసిన. నీయి నీకు పనికొస్తయ్" అనేవాడు. పాడేవాళ్ల పేర్లు ఒక్కటీ తెలియదు. పాట నచ్చిందా అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "గీ పాటకు జల్ది లేదు. పానం నిమ్మళమైతది." సగం నిద్రలో విన్నా, రెగే గురించి అంతకంటే సరైన మాట నేను ఎవరి దగ్గరా వినలేదు.

తర్వాత దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంది, సాంచా మానేయండి, విశ్రాంతి కావాలి అని డాక్టరు చెప్పాడు. విశ్రాంతి అనగానే అత్తకు తోచింది నిశ్శబ్దం. ఇచ్ఛాపూర్ అవతల, రోడ్డుకు దూరంగా, కొత్తగా కట్టిన బిల్డింగులో పై అంతస్తులో ఒక గది చూసింది. కిటికీ తీస్తే గాలి తప్ప ఏమీ వినబడదు. పాపం, ఆమె ఎన్ని ఇళ్లు తిరిగి దాన్ని వెతికిందో. ఆ గదిలో మామయ్యకు నిద్ర పట్టలేదు.

మొదట్లో దగ్గు వల్ల అనుకున్నాం. దగ్గు తగ్గింది, నిద్ర రాలేదు. మాత్రలు వేస్తే మత్తు వచ్చేది కానీ కళ్లు మూతపడేవి కావు. రాత్రంతా మంచం అంచున కూర్చునేవాడట. "ఏందో ఆగినట్టే ఉంటది బిడ్డా. లేసి సూడాలనిపిస్తది. సూద్దామంటే ఏం లేదు" అన్నాడు నాతో. ఫోనులో పాటలు పెట్టి చూశాను. ఆ చిన్న స్పీకరు చప్పుడు ఆయన చెవికి ఎక్కనే లేదు. మనిషి రోజురోజుకీ తోడేసినట్టయిపోయాడు. నాకు భయం వేసింది. జబ్బు కంటే ముందు ఈ నిద్రలేమే ఆయన్ని తీసుకుపోతుందనిపించింది.

అప్పుడే డుమస్ రోడ్డులో మళ్లీ కచేరీ పడింది. మామయ్యను తీసుకెళ్తానంటే అత్త నా మీద విరుచుకుపడింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? జబ్బు మనిషిని గానాబజానాకు తీస్కపోతవా?"

"నిద్ర కోసమే అత్తా. పాట కోసం కాదు" అన్నాను.

"డాక్టరు ఏమన్నడు? రెస్టు గావాలన్నడు."

మంచం మీది నుంచి మామయ్య, "గా కుర్సీల కూసుంటే ఎంత మంచిగుంటదే" అన్నాడు. అడిగినట్టు కూడా కాదు, చిన్నపిల్లవాడు తిండి గుర్తు చేసుకున్నట్టు అన్నాడు. అత్త లేచింది. ఆయనకు మంకీ క్యాపు పెట్టి, శాలువా కప్పి, తనూ చీర మార్చుకుంది.

అదే స్థలం, అవే స్పీకర్లు. మామయ్యను వాటి పక్కన కూర్చోబెట్టాం. అత్త రెండు చెవులూ కొంగుతో మూసుకుని నన్ను శపిస్తూ ఇంకో కుర్చీలో కూర్చుంది. బాస్ మొదలైంది. కుర్చీ అదరడం నాకు కనిపిస్తోంది. మామయ్య తల మెల్లగా ఒరిగింది. అత్త చెవుల మీంచి చేతులు తీసేసింది. అన్ని రాత్రుల తర్వాత ఆయన నోరు తెరిచి, హాయిగా, పసివాడిలా నిద్రపోయాడు. ఆ వేళ నేను ఎగరలేదు. ఎగిరే ఓపికా లేదు. ఆయన ముందు నేల మీద కూర్చుని ఆ ముఖాన్నే చూశాను.

డీజే ఆపినప్పుడు ఉలిక్కిపడి లేచాడు. చెయ్యి ముందుకు పోయింది. నేను వేలు తిప్పాను. కళ్లు మూసుకున్నాడు. పదింటికి సౌండు మొత్తం పోయినప్పుడు తాపీగా ఒళ్లు విరుచుకుని, "మస్తు నిద్ర పట్టింది" అన్నాడు. అత్త ఏడుస్తోంది. "గింత నెమ్మది ఇల్లు సూస్తిని గదా నీకోసం. నీకు గీ లొల్లి గావాల్నా?" అంది. మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని, "ఇల్లు మంచిదేనే. నేనే దానికి అలవాటు గాలే" అన్నాడు.

నెల మారగానే వడోద్‌కు, కార్ఖానా గోడ పక్కన ఉన్న పాత గదికే తిరిగి వెళ్లాలని ఇంటికి వచ్చే దారిలోనే తేల్చుకున్నారు. అత్త గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది కూడా. నెల మారలేదు.

వడోద్‌కు ఆయన ప్రాణం పోయాకే వచ్చాడు. మావాళ్లందరూ అక్కడే ఉంటారు కనక, అక్కడికే తీసుకురమ్మంది అత్త. పాత గది ముందు చాప వేసి పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, చెంబుతో నీళ్లు పెట్టారు. మా గల్లీలో ఎవరైనా పోతే, పాడె లేచేదాకా పక్క కార్ఖానాలో సాంచాలు ఆపడం మర్యాద. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు. ఒక్కొక్కటే ఆగుతూ వచ్చింది. చివరిది కూడా ఆగింది.

నేను మామయ్య కుడి చేతి వైపు చూశాను. అత్త కూడా అటే చూస్తోంది. ఆ చెయ్యి కదల్లేదు. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

కార్ఖానా గుమ్మంలో పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను లేచి, చెయ్యి పైకెత్తి, వేలు గుండ్రంగా తిప్పాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన అత్త వైపు చూశాడు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "నడిపియ్యున్రి. ఆయన్ని జర పండుకోనియ్యున్రి" అంది.

సాంచాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. గోడ అదిరింది, కింద నేల అదిరింది. మామయ్య తల దగ్గర చెంబులో నీళ్లు, పాడె లేచేదాకా సన్నగా వణుకుతూనే ఉన్నాయి.